గిన్నెలో ఊగే గోళీ

బుధుడు సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. ఎక్కడో చివరనున్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. దూరం పోయేకొద్దీ సూర్యుడి పట్టు సడలుతుంది. గెలాక్సీల్లోనూ ఇదే వరస ఉండాలి కదా? 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి చూస్తే, అంచుల్లోని వాయు మేఘాలు కూడా సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెడుతున్నాయి. కంటికి కనిపించే నక్షత్రాల బరువొక్కటే ఉంటే అవి అక్కడ నిలవవు. వాటిని పట్టి ఉంచుతున్న కనిపించని సరుకే కృష్ణ పదార్థం, అదే డార్క్ మ్యాటర్. నలుపు పేరుకు మాత్రమే. నల్లటి వస్తువు వెలుగును మింగుతుంది, ఇదైతే వెలుగును అసలు పట్టించుకోదు. మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా ఉందని లెక్క.

ఉందని తేల్చడం ఒక ఎత్తు, అదేమిటో చెప్పడం ఇంకో ఎత్తు. సిద్ధాంతకర్తలకు చాలాకాలం ముద్దొచ్చిన జవాబు వింప్. ప్రోటాన్ కంటే ఎన్నో రెట్లు బరువై, మామూలు పదార్థాన్ని దాదాపు తాకకుండా పోయే కణం. విశ్వం తొలి వేడిలో ఇవి కిక్కిరిసి ఉండి, రెండు ఎదురుపడితే రెండూ నశించేవి. తిరునాళ్ల రద్దీలో అడుగడుక్కీ ఎవరో ఒకరు తగులుతారు, జనం పలచబడ్డాక ఎవరూ తగలరు. విశ్వం సాగి పలచబడ్డాక జత దొరక్క మిగిలిపోయినవే నేటి కృష్ణ పదార్థమన్నమాట. బలహీన కేంద్రక బలం స్థాయిలో లెక్క కడితే, అలా మిగిలేది నేటి కృష్ణ పదార్థానికి ఇంచుమించు సరిపోయింది. దీనికి 'వింప్ మిరకిల్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ నమ్మకంతోనే అమెరికాలోని సౌత్ డకోటాలో, పాత బంగారు గనిలో కిలోమీటరున్నర లోతున 10 టన్నుల ద్రవ జినాన్ నింపి, వింప్ ఎప్పుడైనా తగలకపోతుందా అని కాపు కాశారు. 2024 ఫలితాల్లోనూ జాడ లేదు. వింప్ కథ ముగిసిందని కాదు గానీ, లెక్క కుదరడమే సాక్ష్యం కాదని తెలిసొచ్చింది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది రెండో అనుమానితుడు. ఇతను కృష్ణ పదార్థం కేసులో పుట్టినవాడే కాడు. న్యూట్రాన్ లోపల విద్యుదావేశమున్న క్వార్కులు మూడున్నాయి. ప్రబల కేంద్రక బలం సమీకరణాల ప్రకారం ఆ ఆవేశం ఒక పక్కకు కాస్త ఒరిగి ఉండొచ్చు. కొలతల్లో ఒరుగు కనబడలేదు. దాన్ని నిర్ణయించే సంఖ్య వెయ్యి కోట్లలో ఒక వంతుకన్నా చిన్నదట. అంత చిన్నది ఎందుకయింది? 1977లో భౌతిక శాస్త్రవేత్తలు పెచ్చీ, క్విన్ అన్నారు: అది స్థిరమైన సంఖ్య కాదు, గిన్నెలో వేసిన గోళీ, దొర్లి దొర్లి అడుక్కి, అంటే సున్నాకి చేరింది. ఆ మాట నిజమైతే కొత్త కణమొకటి ఉండి తీరాలని మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్ విడివిడిగా గమనించారు. చిక్కును శుభ్రం చేస్తోంది గదా అని విల్చెక్ దానికి ఒక డిటర్జెంట్ పేరు పెట్టాడు: యాక్సియాన్.

1983లో అసలు మలుపు వచ్చింది. గోళీ అడుక్కి చేరినా వెంటనే ఆగదు, అటూ ఇటూ సన్నగా ఊగుతూనే ఉంటుంది. విశ్వమంతా నిండిన ఆ ఊగులోని శక్తి అచ్చం కృష్ణ పదార్థంలాగే ప్రవర్తిస్తుందని మూడు బృందాలు లెక్కగట్టాయి. ఒక గదికి చేయించిన తాళంచెవి పక్కగదికీ పట్టినట్టయింది. ఒకసారి ఇలాంటి కుదుర్పుకే మోసపోయాం కదా అంటే, ఆ అనుమానం నాకూ ఉంది. ఈ తాళంచెవిని పక్కగది కోసం అరగదీయలేదన్నదొక్కటే దీనివైపు మొగ్గేలా చేస్తోంది.

దీన్ని పట్టే ఉపాయం కూడా 1983లోనే పియర్ సికివీ చెప్పాడు. గట్టి అయస్కాంత క్షేత్రంలో యాక్సియాన్ మైక్రోవేవ్ తరంగంగా మారొచ్చు. సియాటిల్‌లోని ఏడీఎమ్ఎక్స్ ప్రయోగంలో రాగిపూత పూసిన డబ్బా ఒకటి అతిచల్లగా, అయస్కాంతం నడుమ కూర్చుని ఉంటుంది. లోపలి కడ్డీని వెంట్రుకవాసి జరిపితే డబ్బా పలికే ఫ్రీక్వెన్సీ మారుతుంది. పాత రేడియోలో ముల్లు తిప్పుతూ స్టేషన్ కోసం వెతకడమే ఇది. కాకపోతే స్టేషన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, యాక్సియాన్ బరువెంతో సిద్ధాంతం తేల్చి చెప్పదు కనుక. ఆ డబ్బా వినే శ్రేణిలో దాని బరువు ఎలక్ట్రాన్ బరువులో సుమారు పదివేల కోట్లలో ఒక వంతు ఉండొచ్చు. ఇంతవరకూ వినిపించింది గరగర ఒక్కటే. కడ్డీ మళ్లీ కొద్దిగా జరుగుతుంది.