సంత సాగాలి, తాళం తప్పకూడదు
ఔత్సాహికులతో సంగీత నాటకం ఆడించాలంటే తెర వెనుక పుస్తకం పట్టుకున్న మనిషి కావాలి. ఆ పుస్తకం ఎంతవరకు చెల్లుతుందన్న చర్చకు ఢిల్లీలో దశాబ్దాల చరిత్ర ఉంది

దోసకాయలమ్మే ఓ చిరువ్యాపారి. పొద్దున్నుంచీ తిరిగినా బేరం లేదు. తన దోసకాయల మీద ఎవరైనా కవి నాలుగు చరణాలు రాసిస్తే పాడుకుంటూ అమ్ముకోవచ్చని అతడి ఆశ. కవులు ఈసడిస్తారు. చివరికి నజీర్ అక్బరాబాదీ రాసిస్తాడు. గంప ఖాళీ అవుతుంది.

హబీబ్ తన్వీర్ 1954లో ఢిల్లీలో ప్రదర్శించిన 'ఆగ్రా బజార్' కథ ఇంతే. విశేషమంతా నటుల్లో ఉంది. జామియా మిలియా ఇస్లామియా విద్యార్థులు, అధ్యాపకులతోపాటు పక్కనే ఉన్న ఓఖ్లా గ్రామవాసులు కూడా వేషాలు కట్టారు. ఒక పక్క పుస్తకాల అంగడి, మరో పక్క గాలిపటాల దుకాణం, మధ్యలో పాడుతూ వచ్చిపోయే ఫకీర్లు. పదుల కొద్దీ మనుషులు వేదిక మీద ఒకేసారి తిరుగుతుంటారు.

చిక్కంతా ఇక్కడే. సంత గందరగోళంగా కనిపించాలి. కానీ నిజంగా గందరగోళమైతే పాట వినపడదు, మాట అర్థం కాదు. ఈ రెంటి మధ్యా గీత గీసే బాధ్యత నాటక సమాజాల్లో స్టేజి మేనేజర్‌ది. పోస్టరు మీద పేరు చిన్నగా ఉంటుంది. పని మాత్రం మొదటి రిహార్సల్‌కి ముందే మొదలవుతుంది.

దేశ రాజధాని ప్రాంతంలో ఔత్సాహిక నాటకం సాయంత్రాలది. నటుల్లో ఒకరు నోయిడాలో ఉద్యోగి, ఇంకొకరు గుర్‌గావ్‌లో, మరొకరు ఘజియాబాద్‌లో ఉపాధ్యాయురాలు. అందరూ ఆఫీసులు ముగించుకుని, ట్రాఫిక్ దాటుకుని రావాలి. జీతం లేదు కాబట్టి కోత పెడతామని బెదిరించడం కుదరదు. అందుకే స్టేజి మేనేజర్ మొదట చేసేది ఎవరు ఏ రోజు రాగలరో పట్టిక వేయడం. ఆ రోజు అవసరం లేని వారిని పిలవకపోవడం కూడా ఆ పనిలో భాగమే. రెండు గంటలు ఊరికే కూర్చున్న మనిషి మూడోసారి రాడు.

రిహార్సల్ గదిలో అసలు వేదిక కొలతల ప్రకారం నేల మీద రంగు టేపు అంటిస్తారు. కుర్చీ అంగడి అవుతుంది, బెంచీ గుమ్మమవుతుంది. ఎవరు ఏ మాట దగ్గర ఎటు కదలాలో స్క్రిప్టు పక్కన పెన్సిల్‌తో రాసుకుంటారు. పెన్సిలే ఎందుకంటే రేపటికి దర్శకుడి ఆలోచన మారుతుంది. ఏ లైటు ఎప్పుడు వెలగాలి, ఏ వస్తువు ఎవరి చేతికి ఎప్పుడు అందాలి అన్నదంతా ఆ పుస్తకంలోకే చేరుతుంది. సంభాషణలు కంఠతా రావాల్సిన రోజు వచ్చాక స్టేజి మేనేజర్ దొర్లిన తప్పులను గుర్తుపెట్టుకుని రిహార్సల్ ముగిశాక ఒక్కొక్కరికీ చెబుతారు.

సంగీత నాటకానికి ఈ తిప్పలు మూడింతలు. పాట ఒక గదిలో, నృత్యం ఇంకో గదిలో, మాటలు వేరొక చోట సాధన చేస్తారు. మూడూ విడిగా బాగానే ఉంటాయి. కలిపిన రోజు అతుకుల దగ్గర తెగుతాయి. నృత్యం ముగిసేసరికి గాయకుడికి ఊపిరి అందదు. రెండో చరణం పూర్తయ్యేలోగా వేషం మార్చుకోవాల్సిన మనిషికి గుండీలు పట్టవు. అక్కడ దర్శకుడి ఊహ కన్నా స్టేజి మేనేజర్ చేతి గడియారమే ఎక్కువ నిజం చెబుతుంది. ఆడిటోరియం అద్దె రోజు లెక్కన కట్టాలి కాబట్టి లైట్లు, శబ్దం, తెర కలిపి చూసుకోవడానికి దక్కే సమయం కొద్దిగంటలే. ప్రదర్శన మొదలయ్యాక దర్శకుడు కూడా ప్రేక్షకుడే. పగ్గాలు పుస్తకం పట్టుకున్న మనిషివి.

ఈ క్రమశిక్షణను ఢిల్లీకి బలంగా అలవాటు చేసింది ఇబ్రహీం అల్కాజీ. 1959లో ఏర్పడిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు 1962 నుంచి 1977 వరకు సారథ్యం వహించిన ఆయన, నటన నేర్వవచ్చిన వారి చేత తెర వెనుక పనులన్నీ చేయించారు. ఆయన చదివింది లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో. తన్వీర్ కూడా 1955లో అక్కడికే వెళ్లారు. కానీ తిరిగొచ్చాక ఆయన అనుభవం వేరే దారి పట్టింది.

ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులను ఢిల్లీకి తీసుకొచ్చిన తన్వీర్, ఇంగ్లండ్‌లో నేర్చుకున్న పద్ధతిలోనే వారికి కదలికలు నేర్పబోయారు. కుడి, ఎడమ లెక్కలతో కట్టేసరికి ఊళ్లో రాత్రంతా వేదికను ఏలే మనుషులు బిగుసుకుపోయారు. పైగా మాట్లాడాల్సింది వారిది కాని హిందీ. తప్పు తన పద్ధతిలో ఉందని గ్రహించడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. 1970ల ఆరంభంలో వారి భాషలో, వారి తీరులో ఆడనిచ్చాక రంగం మారిపోయింది. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరోలో పురస్కారం గెలిచింది.

ఇది తెలుగువారికి కొత్త కాదు. పద్యనాటకంలో నటుడు రాగం ఎంతసేపు తీస్తాడో, 'వన్స్‌మోర్' ఎన్నిసార్లు పడుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. హార్మోనిస్టు నటుడి ముఖం చూసి పట్టుకోవాల్సిందే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు తెర పక్కనే పెరుగుతారు. ఎవరెప్పుడు తాడు లాగాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్కడ కుటుంబమే పుస్తకం. కాశీ దగ్గరి రామ్‌నగర్ రామలీలలో మాత్రం వ్యాసుడు చేతిలో ప్రతి పట్టుకుని నటుల పక్కనే నిలబడి మాట అందిస్తాడు. దాచుకోవాల్సిన పని లేదు.

నోయిడా, గుర్‌గావ్‌ల నుంచి పరుగెత్తుకొచ్చే ఔత్సాహికులకు సురభి వారి కుటుంబం లేదు, రామ్‌నగర్ సంప్రదాయమూ లేదు. వారికి పుస్తకం తప్పదు. కాకపోతే ఎక్కడ గీత చెరిపేయాలో తెలిసిన మనిషి చేతిలో అది ఉండాలి. టేపు మీద అడుగు పడలేదని గొంతెత్తి పాడుతున్న నటుడిని ఆపేస్తే మిగిలేది క్రమశిక్షణే. నాటకం కాదు.

'ఆగ్రా బజార్'లో ఇంకో తమాషా ఉంది. అంతా నజీర్ గురించే మాట్లాడతారు, అతడి కవితలే పాడతారు, సంత సాగేది అతడి వల్లే. కానీ నజీర్ ఒక్కసారైనా వేదిక మీదికి రాడు. స్టేజి మేనేజర్ల కోసమే రాసినట్టుంటుంది.