‘చూద్దాం’ అంటే ఏమిటి?

మన పిల్లలు ఇంట్లో ‘చూద్దాం’ వింటారు. బయట హోసూరులో ‘పార్క్కలాం’, బళ్లారిలో ‘నోడోణ’, బరంపురంలో ‘దేఖిబా’, షోలాపూర్‌లో ‘బఘూ’ వింటారు. ముఖం మీద కాదనలేక అందరూ చెప్పే జవాబు ఇదే.

చైనా భాషలోనూ ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. ‘జైషువో’ అంటే తర్వాత మాట్లాడుకుందాం అని. ‘బు ఫాంగ్‌బియెన్’ అంటే వీలుపడదని. ఇక కారణం అడగకూడదు. అక్కడ క్రియను రెండుసార్లు పలికితే మాట మెత్తబడుతుంది. అలా ‘యెన్‌జియూ యెన్‌జియూ’ అంటే కాస్త పరిశీలిస్తామని. స్వరం మారిస్తే అదే మాటకు ‘సిగరెట్లు, మద్యం’ అని అర్థం వస్తుంది. దరఖాస్తు కదలాలంటే ఇవి సమర్పించుకోవాలని అక్కడివాళ్లే ఎత్తిపొడుస్తారు! ఈ మర్యాద వెనుక ఉన్నది ‘మియెన్‌జ్’. అంటే ముఖం, పరువు. అడిగినవారి పరువూ చెప్పినవారి పరువూ నిలవాలి.

పరువు నిలిచినా పని నిలిచిపోకూడదు కదా. తెలుగు వాచకాలు అడగడానికి మేము ఒక కార్యాలయానికి వెళ్తే ‘చూద్దాం మాస్టారూ’ అన్నారు. సంతోషంగా తిరిగొచ్చాం. దసరా సెలవులు వచ్చాయి, వాచకాలు రాలేదు. ఆ మాటలోని ‘కాదు’ మాకు వినిపించలేదు. ఇప్పుడు ‘ఎప్పటికల్లా చూస్తారండీ?’ అని అడిగి, చెప్పిన తేదీని వాళ్లెదుటే రాసుకుంటున్నాం.

ఈ వారం తరగతిలో పిల్లలను అడిగి చూడండి: మీ ఊళ్లో నొప్పించకుండా ‘కాదు’ అని ఎన్ని రకాలుగా చెబుతారు? రెండు భాషల్లోనూ రాయించండి.