గుండె కండరం మందమైతే దాచుకోవద్దు

‘గుండె గట్టిది’ అంటే మన ఇళ్లలో మెచ్చుకోలు. కానీ గుండె కండరమే అతిగా మందమైతే అది బలం కాదు, జబ్బు. మా ఆడపడుచుకు ఆ జబ్బు బయటపడేదాకా నాకూ ఈ తేడా తెలీదు.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం, గబగబా నడిస్తే గుండెదడ. ‘రక్తం తక్కువై ఉంటుంది’ అని ఒకరు, ‘గ్యాస్ అయ్యుంటుందిలే’ అని ఇంకొకరు. ఐరన్ మాత్రలతో రెండేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి ఒకరోజు నీళ్ల బిందెతో వస్తూ స్పృహ తప్పి పడిపోయాక ఎకో తీయించాం. గుండె ఎడమ గది గోడ మందం 19 మిల్లీమీటర్లు! పెద్దవాళ్లలో మామూలుగా అది 12 లోపే ఉంటుంది. బీపీ వంటి వేరే కారణం లేకుండా 15 గానీ, అంతకు మించి గానీ ఉంటే దాన్ని ‘హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి’ అంటారట. 500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

మంచి పెరుగుదల, చెడ్డ పెరుగుదల

పుట్టిన తర్వాత గుండె కణాల సంఖ్య పెద్దగా పెరగదు. పని భారం ఎక్కువైతే ఉన్న కణాలే లావవుతాయి. గర్భిణికి ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది కాబట్టి గుండె కూడా కాస్త పెరుగుతుంది. కాన్పయిన కొన్ని నెలలకు మళ్లీ మామూలవుతుంది. రోజూ పరుగెత్తేవాళ్లకూ అంతే. దీనివల్ల హాని లేదు.

ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేకపోతే మాత్రం కథ వేరు. ఆ ఒత్తిడికి కణంలో కాల్షియం సంకేతాలు మారతాయి. కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేల్కొని, ఎన్‌ఫ్యాట్ అనే ప్రొటీన్‌ను కణ కేంద్రకంలోకి పంపుతుంది. అక్కడ అది కండరాన్ని పెంచే జన్యువులను తట్టి లేపుతుంది. అమెరికాలో ఎరిక్ ఓల్సన్ బృందం 1998లో ఎలుకల్లో ఈ సంగతి నిరూపించింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసి ఆగిపోయిన కొన్ని జన్యువులు కూడా మళ్లీ మొదలవుతాయి. కండరం మధ్య నార పేరుకుని గుండె బిరుసెక్కుతుంది. అందుకే ‘నాకేం బాధ లేదుగా’ అని బీపీ మాత్రలు మానేయకూడదు.

మా ఆడపడుచుకు బీపీ లేదు. ఆమెది వంశంలో వచ్చే రకం. గుండె కండరం ముడుచుకోవాలంటే మయోసిన్ అనే ప్రొటీన్ లాగాలి. ఆ లాగుడు శ్రుతి మించకుండా మరో ప్రొటీన్ బ్రేకులా పట్టి ఉంచుతుంది. జన్యువులో తప్పు దొర్లి ఆ బ్రేకు సడలినా, మయోసిన్‌లోనే లోపమున్నా కండరం అవసరానికి మించి కష్టపడి మందమవుతుంది. మయోసిన్ జన్యువులోని అలాంటి తప్పును 1990లో మొదటిసారి పట్టుకున్నది క్రిస్టీన్, జొనాథన్ సైడ్‌మన్ దంపతుల బృందం.

మన హైదరాబాద్ సీసీఎంబీకీ ఇందులో పాత్ర ఉంది. ఆ బ్రేకు ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు లోపించడం మన ఉపఖండంలో నూటికి సుమారు నలుగురిలో ఉందని, వారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువని సీసీఎంబీ శాస్త్రజ్ఞులూ పాల్గొన్న పరిశోధన 2009లో చెప్పింది. అయితే ఆ లోపం ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. దాని పక్కనే మరో మార్పు కూడా ఉన్నవారికే కండరం మందమయ్యే ముప్పు ఎక్కువని 2020లో వచ్చిన పరిశోధన తేల్చింది. కాబట్టి భయం అక్కర్లేదు, పరీక్ష కావాలి.

‘ఎవరితోనూ అనకండర్రా’

ఈ పరీక్ష దగ్గరే మా ఇంట్లో గొడవైంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం ఉంటుంది. రక్తసంబంధీకులందరూ ఈసీజీ, ఎకో చేయించుకోమన్నారు డాక్టరుగారు. మా అత్తగారు మాత్రం, ‘ఎవరితోనూ అనకండర్రా, రేపు దాని కూతురికి సంబంధాలు రావద్దూ?’ అన్నారు.

ఆవిడ బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ మా మామగారు నలభై రెండేళ్లకే పొలంలో కుప్పకూలి పోయారు. అందరూ తలరాత అన్నారు. ‘అత్తయ్యా, అప్పుడు మనకు తెలీదు. ఇప్పుడు తెలిసీ ఊరుకుంటే ఎలా?’ అన్నాను. ఆ మాటకు ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అందరికంటే ముందు తనే ఆటో ఎక్కారు. ఆవిడకేమీ లేదు, మావారికీ లేదు. రోజూ షటిల్ ఆడే మా మరిదికి మాత్రం గోడ 17 మిల్లీమీటర్లు ఉంది. ఒక్క లక్షణమూ లేదు!

ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ మందులు వాడుతూ ఎవరి పని వారు చేసుకుంటున్నారు. చాలామందికి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లతోనే ఉపశమనం దొరుకుతుంది. కొందరికి అడ్డొచ్చే కండరాన్ని ఆపరేషన్‌తో తీసేస్తారు. హఠాన్మరణం ముప్పున్నవాళ్లకు ఛాతీలో చిన్న పరికరం అమరుస్తారు. మయోసిన్ దూకుడును తగ్గించే మావాకామ్టెన్ అనే మందుకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. గర్భిణులు మాత్రం దాన్ని వాడకూడదు.

మనం ఏం చేయాలి?

ఈ జబ్బు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఆలస్యంగా బయటపడుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. మన ఆయాసాన్ని ఇంటి చాకిరీ ఖాతాలో వేసేస్తాం మరి. శ్రమ చేసేటప్పుడు కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఎకో తీయించుకోండి. పుట్టింట్లో, అత్తింట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారేమో అడిగి తెలుసుకుని డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో, పెద్దలకు మూడు నుంచి అయిదేళ్లకోసారి మళ్లీ పరీక్షలు అవసరం. జబ్బు ఉన్నా చాలామంది క్షేమంగా తల్లులవుతున్నారు. కాకపోతే గర్భం దాల్చకముందే గుండె డాక్టరును కలవాలి.

తండ్రి వైపు నుంచైనా, తల్లి వైపు నుంచైనా వచ్చే ఈ జబ్బుకు కోడలి పుట్టింటిని తప్పుపట్టడం అన్యాయం. ఆడపిల్ల పెళ్లి కోసం దాన్ని కప్పిపెట్టడం ఇంకా పెద్ద అన్యాయం. సంబంధం తప్పిపోతే ఇంకోటి వస్తుంది. పిల్ల ప్రాణం అలా కాదు కదా!