చిన్న ర్యాంకుదే తొలి మాట

సైన్యంలో పై అధికారి మాట్లాడాకే కిందివాళ్లు నోరు విప్పుతారనుకుంటాం. సైనికులను విచారించే కోర్టు మార్షల్‌లో ఆ వరస తిరగబడుతుంది. నిందితుడు దోషా కాదా అన్నప్పుడు అందరికంటే చిన్న ర్యాంకు సభ్యుడే ముందు తన అభిప్రాయం చెప్పాలి. పెద్దాయన మాట విన్నాక కాదనడం కుర్ర కెప్టెన్‌కు ఎంత కష్టమో ఈ నియమం రాసినవారికి బాగా తెలుసు. ఓట్లు సమానమైతే తీర్పు నిందితుడి పక్షమే.

జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులుంటారు. మరణశిక్షకు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. చట్టం చెప్పే జడ్జి అడ్వకేట్‌కు ఓటు లేదు. పై అధికారి ధ్రువీకరించేదాకా తీర్పు చెల్లదు.

బ్రిటిష్ నౌకాదళంలో 2004 దాకా తీర్పును ముందు కత్తే చెప్పేది. అధికారిని విచారిస్తే ఆయన కత్తిని బల్లమీద పెట్టేవారు. తిరిగి లోపలికొచ్చేసరికి మొన తనవైపు ఉంటే దోషి అన్నట్టు.

మన సైన్యంలో శామ్ మానెక్‌షా కథ మరీ ఆసక్తికరం. 1962లో ఆయన మేజర్ జనరల్, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్. దేశానికి విధేయుడు కాడన్నంత పెద్ద ఆరోపణతో కోర్టు ఆఫ్ ఎంక్వైరీ వేశారు. అది శిక్ష వేసే కోర్టు కాదు, నిజానిజాలు తేల్చేది మాత్రమే. అయినా ఆ మచ్చ చాలు, ఎంతటి అధికారి ఎదుగుదలైనా అక్కడే ఆగిపోవడానికి. లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్ నేతృత్వంలోని విచారణ ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. చైనా యుద్ధంలో దెబ్బతిన్న 4వ కోర్‌ను ఆ ఏడాది చివర్లోనే ఆయనకు అప్పగించారు. 1969లో సైన్యాధిపతి, 1973లో ఫీల్డ్ మార్షల్. దౌలత్ సింగ్ నిజాయితీగా విచారించకపోతే 1971 యుద్ధానికి మనకు వేరే సేనాని ఉండేవారు!

అందరికీ అలాంటి విచారణ దొరకలేదు. తిండి తినమన్న ఆజ్ఞను కాదన్నాడని ఒక సిగ్నల్‌మన్‌కు ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు శిక్షగా వేశారు. అతను అంతకుముందు ఫిర్యాదు చేసిన అధికారే ఆ శిక్ష వేసిన సమ్మరీ (క్లుప్త విచారణ) కోర్టు మార్షల్‌లో కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

కోర్టు మార్షల్ తీర్పుపై ఒక్క అప్పీలైనా లేదని సుప్రీంకోర్టు 1982లోనే ఆక్షేపించింది. అలాంటి అప్పీళ్లు వినేందుకు సాయుధ దళాల ట్రైబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, పని మొదలైంది 2009లో. ఇంత ఆలస్యం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. పశ్చిమ బెంగాల్‌లోని సుక్నా సైనిక స్థావరం పక్క భూమి వ్యవహారంలో 2011లో దోషిగా తేల్చిన లెఫ్టినెంట్ జనరల్ పి.కె. రథ్‌ను 2014లో ఈ ట్రైబ్యునలే నిర్దోషి అంది. అప్పటికే ఆయన రిటైరయ్యారు, రావలసిన డిప్యూటీ చీఫ్ పదవీ చేజారింది.

కోర్టు మార్షల్ తీర్పులే కాదు, ప్రమోషన్, పెన్షన్ తగాదాలూ ఈ ట్రైబ్యునల్‌కే వెళతాయి. ఆంధ్ర, తెలంగాణ సైనికులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తారు.