కొండకి బండి కడదామా!

మూడు కుటుంబాలు, ఒక టెంపో ట్రావెలర్, మూడ్రోజుల సెలవు... దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో కొండల యాత్ర అంటే ఇంతే. పులిహోర ఎంత కలపాలో అందరికీ తెలుసు. డ్రైవరు ఎంతసేపు నిద్రపోవాలో లెక్కేసేవాళ్లే తక్కువ!

క్యాలెండర్లో మూడు ఎర్రంకెలు వరసగా కనిపిస్తే చాలు... చైతన్యపురి నుంచి వనస్థలిపురం దాకా ఏదో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద సభ మొదలైపోతుంది. ‘శ్రీశైలం వెళ్దాం’ అంటాడు బాబాయి. ‘ఎప్పుడూ అదేనా, ఈసారి అరకు’ అంటారు పిల్లలు. ‘ఎక్కడికైనా సరే, దార్లో బాత్రూమ్ ఉండాలి నాయనా’ అంటుంది నానమ్మ. అరగంటలో బండి మాట్లాడేస్తారు. గంటలో వంటకాల జాబితా తయారు. ‘శుక్రవారం రాత్రి భోంచేసి తొమ్మిదింటికి బయల్దేరితే తెల్లారేసరికి కొండ మీదుంటాం’... అందరూ తలూపుతారు.

తప్పంతా సరిగ్గా అక్కడే జరుగుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవుల్లో ‘ఆర్వీ’ అద్దెకు తీసుకుని కొండలకు వెళ్తుంటారు. అందులోనే మంచం, స్టవ్, ఫ్రిజ్, బాత్రూమ్. చీకటి పడితే ఆగడానికి క్యాంపు మైదానాలుంటాయి. చాలాచోట్ల కరెంటూ నీళ్లూ బండికే తగిలిస్తారు. మనకైతే కారవాన్ అనగానే గుర్తొచ్చేది షూటింగ్ దగ్గర హీరోగారి బండే! కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం పథకం తెచ్చింది. మరుసటేడాది వాగమన్ కొండల్లో అలాంటి బండ్లు ఆగేందుకు ఓ పార్కూ మొదలైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో మాత్రం కుటుంబాల కారవాన్ అంటే ఇప్పటికీ టెంపో ట్రావెలరే. పుణె దగ్గరి బజాజ్ టెంపో కంపెనీ 1987లో తెచ్చిన బండి అది. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారినా మన నోట్లో ‘టెంపో’ మాత్రం పోలేదు.

అసలు బండిలో వంటసామాను వేసుకుని బయల్దేరడం మనకు కొత్తేం కాదు. గూడు కట్టిన ఎడ్లబండిలో బియ్యం, గిన్నెలు, పిల్లలతో సహా మేడారం జాతరకు వెళ్లిన తరం ఈ కాలనీల్లో ఇంకా ఉంది. అంతకుముందు 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. డేరాలూ పరివారంతో శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా సాగిన ఆ యాత్ర పదిహేను నెలలు పట్టింది. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఎలాంటిది, ఎక్కడ దిగొచ్చు... మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నాడు. చూడాల్సిన చోటుకన్నా ఆగాల్సిన చోటు ముఖ్యమని రెండొందల ఏళ్లనాటి యాత్రికుడికి తెలుసు. రోడ్లు బాగుపడ్డాక మనమే మర్చిపోయాం.

సూర్యుణ్ని అడిగి బయల్దేరండి

కొండల యాత్రకు ఒకటే సూత్రం. ఘాట్‌రోడ్డు పగలే ఎక్కాలి, పగలే దిగాలి. మిగతా లెక్కలన్నీ అక్కణ్నుంచి వెనక్కి వేసుకోవాలి.

శ్రీశైలమే తీసుకోండి. ఎల్బీనగర్ నుంచి తుక్కుగూడ చేరి, కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు చేరడానికి సుమారు మూడు గంటలు. అక్కడితో మైదానం అయిపోతుంది. నల్లమల, అందులోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతాయి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది. రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకూడదని పెట్టిన నిబంధన అది. అంటే శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి భోంచేసి బయల్దేరిన టెంపో అర్ధరాత్రికి గేటు దగ్గర ఆగిపోతుంది. ముందు ఓ యాభై బండ్లు. పిల్లలు సీట్లలో ముడుచుకుని, పెద్దవాళ్లు కాళ్లు వాచి, డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చి ఆరింటి దాకా పడిగాపులు. గేటు తీయగానే అందరికన్నా ముందు పోవాలన్న హడావుడి. నిద్రలేని కళ్లతో మలుపుల్లోకి దిగడమంటే అదే!

అదే బండి శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలితే? డ్రైవరు రాత్రంతా నిద్రపోయి ఉంటాడు. ఏడున్నరకు మన్ననూరులో టిఫిన్. ఎండ పొడలో అడవి దారి. వటవర్లపల్లి, దోమలపెంట దాటి ఈగలపెంట మలుపులు దిగి డ్యామ్ చూసేసరికి ఇంకా పొద్దు బోలెడంత మిగిలి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం మూడింటికల్లా కొండ దిగడం మొదలెడితే చీకటి పడేవేళకు అడవి దాటేస్తారు. పోయిందల్లా శుక్రవారం రాత్రి హుషారు ఒక్కటే.

మధ్యలో ఒకమాట. కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో ఈ దారి మీద భక్తుల వాహనాలు కిక్కిరిసిపోతాయి. అడవి చూడ్డానికే అయితే ఆ రోజులు వద్దు. మన్ననూరు, ఫర్హాబాద్ వైపు అటవీశాఖ సఫారీ, బస ఉన్నాయి. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కుని బుక్ చేసుకోవాలి.

అరకు అయితే ఆలోచించాలి

పిల్లల మాటే నెగ్గి అరకు ఖాయమైందనుకోండి. ఎల్బీనగర్ నుంచి విశాఖపట్నానికే 600 కిలోమీటర్ల పైన. టెంపోలో టీలూ టిఫిన్లూ కలుపుకుని పన్నెండు గంటలకు తక్కువ కాదు. రాత్రంతా బండి తోలిన మనిషే మర్నాడు అనంతగిరి ఘాట్ ఎక్కాలి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం అన్నీ ‘కవర్’ చేసి, సాయంత్రం మళ్లీ అతనే దించాలి. డిసెంబరులో అక్కడ అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడు.

2021 ఫిబ్రవరి 12ను హైదరాబాద్ అంత తేలిగ్గా మర్చిపోలేదు. అరకు చూసి తిరిగొస్తున్న నగర యాత్రికుల బస్సు చీకటి పడ్డాక అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. వాళ్లలో నెలల పాప కూడా ఉంది. వాళ్లూ మనలాగే బంధువులంతా కలిసి సరదాగా బయల్దేరినవాళ్లే.

అందుకని అరకుకి మూడు దారులున్నాయి. ఒకటి, ఇద్దరు డ్రైవర్లు. రెండోవాడి బత్తా బరువనిపిస్తే సామాన్ల జాబితాలో ఇంకేదైనా కొట్టేయండి, దీన్ని కాదు. రెండోది, రాజమండ్రిలో రాత్రి మజిలీ. గోదారి చూసినట్టూ ఉంటుంది. మూడోది అన్నిటికన్నా సుఖం. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైల్లో విశాఖ వెళ్లి, అక్కడి బండి మాట్లాడుకోవడం. ఆ ఘాట్‌లో రోజూ తిరిగే డ్రైవరుకి ఏ మలుపులో ఏముందో తెలుసు. ఏ దారైనా సరే, బొర్రా గుహల్ని వెళ్లేటప్పుడే చూసేయాలి. మర్నాడు మధ్యాహ్నం భోజనం కాగానే దిగడం మొదలెట్టాలి.

సంక్రాంతికి ముందురోజుల్లో మాత్రం ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. అప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా దాటడమే ఓ యాత్ర. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు దాటడం ఇంకో యాత్ర!

బండి చూపులు

పెళ్లిచూపుల్లో అడిగినన్ని ప్రశ్నలు బండి మాట్లాడేటప్పుడూ అడగాలి. మొహమాటం అక్కర్లేదు.

మొదట నంబరు ప్లేటు. అద్దెకు తిరిగే డీజిల్ బండికి పసుపు ప్లేటు మీద నల్ల అంకెలుండాలి. ‘తెల్ల బోర్డే సార్, వెయ్యి తగ్గిస్తా’ అన్నారంటే వద్దనేయండి. సొంతానికని రిజిస్టరైన బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము దగ్గర పేచీ వస్తుంది. రాష్ట్రం దాటుతుంటే ఆలిండియా టూరిస్ట్ పర్మిట్, ఫిట్‌నెస్, బీమా కాగితాల తేదీలు చూడాలి. ఫోన్లో ఫొటో తీసి పంపమంటే నిమిషం పని.

తర్వాత టైర్లు. స్టెప్నీతో సహా! అరిగిన టైరు సిటీలో నెట్టుకొచ్చినా తడి ఘాట్‌లో జారుతుంది. బయల్దేరేముందే బ్రేకులు చూపించారా, సీట్ బెల్టులు పనిచేస్తున్నాయా అని అడగాలి.

మూడోది సామాను. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒక్కోటి ఇరవై కిలోలు. అయిదు క్యాన్లూ, బియ్యం మూటా, పెద్ద గిన్నెలూ పైన క్యారియర్ మీద కడితే మలుపులో బండి ఒరుగుతుంది. బరువువన్నీ కింద, సీట్ల మధ్య జరగకుండా పెట్టాలి. పైన దుప్పట్లూ దిండ్లే.

దిగేటప్పుడు డ్రైవరు ఏం చేస్తున్నాడో ముందు సీట్లోని పెద్దమనిషి గమనిస్తుండాలి. ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలిన వాసనొస్తే చోటు చూసి ఆపి, చల్లారాకే కదలాలి. ఇరుకు దారిలో ఎదురొచ్చే బండి ఎక్కుతుంటే దానికే ముందు దారివ్వాలి.

వంటెక్కడ? పడకెక్కడ?

‘దార్లో ఎక్కడో చెట్టు కింద ఆపుకుని వేడివేడిగా వండుకుందాం’... వినడానికి ఎంత బావుంటుందో! కానీ నల్లమలలో ఆ చెట్టు పులుల అడవిలోది. అక్కడ నిప్పు రాజేయడం నేరం. ఎండిన ఆకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లాస్టిక్ పారేయడం, కోతులకు అరటిపళ్లు విసరడం కూడా వద్దు. తిండి కోసం రోడ్డెక్కే కోతి ఏదో ఒక టైరు కింద పడుతుంది.

బండిలో మాత్రం ఎంత వానొచ్చినా స్టవ్ వెలిగించకూడదు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. లఖ్‌నవూ నుంచి వచ్చిన ఆ పెట్టెలోకి దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండరే కారణం. టీ కాచుకుందామనుకున్నారంతే. టెంపో అంతకన్నా ఇరుకు, తలుపులూ తక్కువ. వండుకోవాలని ఉంటే బస చేసే చోట అడిగి, ఆరుబయట వండుకోవాలి. మొదటిరోజుకి పులిహోర, చపాతీలు, కారప్పొడి. రెండోరోజుకి సకినాలు, సర్వపిండి, చేగోడీలు. మధ్యలో ఊళ్లో వేడి భోజనం. ఇది చాలదూ!

పడుకోవడానికి మన టెంపోలో మంచాల్లేవు. అడవిలో ఎక్కడపడితే అక్కడ డేరా వేయనివ్వరు. కాబట్టి గది గానీ, అనుమతి ఉన్న క్యాంపు గానీ ఖాయమయ్యాకే బండికి బయానా ఇవ్వాలి. ఎత్తులో ఉన్న లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున పొగమంచు ముసురుకుంటుంది. స్వెట్టర్లతో పాటు ‘మంచు విడేదాకా బండి తీయం’ అన్న ఓపిక కూడా సర్దుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా బెడద ఉంది. దోమతెర, నిండుచేతుల బట్టలు తప్పనిసరి. తిరిగొచ్చాక జ్వరం తగిలితే ఎక్కడికెళ్లొచ్చారో డాక్టరుకి చెప్పాలి.

మొదటిసారి కుటుంబాలన్నీ కలిసి వెళ్తున్నారా? ముందు వికారాబాద్ దగ్గరి అనంతగిరికి ఒక్కరోజు వెళ్లిరండి. అరకు దారిలోని అనంతగిరి వేరు, ఇది వేరు. మూసారాంబాగ్ వంతెన కింద పారే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. ఎవరికి మలుపుల్లో కడుపులో తిప్పుతుందో, నానమ్మకు ఎన్ని గంటలకోసారి ఆగాలో, ఎవరి సామాను అక్కర్లేనిదో ఆ ఒక్కరోజులో తేలిపోతుంది.

సంచీలో ఇవి ఉన్నాయా?

* పెద్దల బీపీ, షుగర్ మందులు... యాత్ర రోజుల కన్నా రెండ్రోజులకు ఎక్కువే.
* అడవిలో సిగ్నల్ పోతుంది. దారి మ్యాపు ముందే ఫోన్లో దించుకోవాలి. కొంత చేతిడబ్బు ఉంచుకోవాలి.
* వాంతుల కోసం కాగితం సంచులు, నిమ్మకాయలు. తిప్పే అలవాటున్నవాళ్లకి ముందు సీటు.
* రెండు టార్చిలైట్లు, తాడు, గొడుగులు, పాత న్యూస్‌పేపర్లు.
* చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఓ పెద్ద గోనెసంచి.
* బాత్రూమ్ కోసం ఆగే పెట్రోలు బంకుల జాబితా... ముందే రాసుకున్నది.

ఇక చివరిది, ఏ సంచీలోనూ పట్టనిది. మజిలీ చేరగానే పిల్లలకీ పెద్దలకీ గదులు చూసి, డ్రైవరుకి మాత్రం ‘నువ్వు బండిలో పడుకో’ అనడం మనకు అలవాటు. రేపు పొద్దున పద్నాలుగు ప్రాణాల్ని కొండ దించాల్సింది ఆయనే. గదిలో మంచి మంచం, ఫ్యాను ఆయనకివ్వండి. భోజనాల్లో మొదటి విస్తరి ఆయనకే వేయండి. ‘అన్నా, నిద్ర సరిపోయిందా?’ అని పొద్దున్నే అడగండి. లేదంటే గంట ఆలస్యంగా బయల్దేరండి.

కొండ ఎక్కడికీ పోదు కదా!