ట్రెక్కింగ్‌కి లైట్ వెయిట్ డేప్యాక్ ఎలా ఎంచుకోవాలి? స్పెక్ షీట్‌లో ఉండని లెక్కలు, మధ్యలో ఆ దుప్పి కొమ్ముల గొడవ

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, ఎంఏహెచ్, నిట్స్, వాట్లు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం. బ్యాగ్ దగ్గరికి వచ్చేసరికి రంగు బాగుందా, డిస్కౌంట్ ఎంత అని చూసి కార్ట్‌లో వేసేస్తాం. ఎండలో నాలుగైదు గంటలు నడవాల్సి వస్తే మాత్రం బ్యాగ్ కూడా గ్యాడ్జెట్టే. దానికీ స్పెక్స్ ఉంటాయి, ఆ స్పెక్స్‌లోనూ బోలెడు మార్కెటింగ్ ఉంటుంది.

మా సుల్తాన్‌పూర్, అమీన్‌పూర్, పటాన్‌చెరు వైపు వాళ్ళకి వీకెండ్ నడక అంటే మూడు రకాలు. పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు చుట్టూ పక్షులు చూస్తూ తిరగడం ఒకటి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చిన చెరువు అది. రెండోది బైక్ తీసి గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ అడవి వైపు వెళ్ళడం. మూడోది కాస్త దూరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు. మొదటిదానికి బ్యాగ్ గురించి ఆలోచించక్కర్లేదు. రెండు గంటల పని, పది పన్నెండు లీటర్ల చిన్న బ్యాగ్, ఒక వాటర్ బాటిల్, బైనాక్యులర్ చాలు. కాబట్టి ఈ ఆర్టికల్ మిగతా రెండింటి గురించే.

ముందు మోసే బరువు లెక్క

"490 గ్రాములు మాత్రమే!" అని బ్యాగ్ పేజీలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. సరే, లోపల పెట్టేదాని సంగతి చూద్దాం. మార్చి దాటాక మన దగ్గర సగం రోజు నడకకి నేను మూడు లీటర్ల నీళ్ళు లేకుండా బయల్దేరను. నీళ్ళు మూడు కిలోలు, ఖాళీ బాటిళ్ళు ఒక వంద గ్రాములు. పులిహోరో చపాతీలో అరకిలో. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సుమారు 220 గ్రాములు, ఫోన్ 200. వాన జాకెట్ 300, ఓఆర్ఎస్ ప్యాకెట్లతో కలిపి ఫస్ట్ ఎయిడ్ 150, హెడ్ ల్యాంప్ 80. మొత్తం నాలుగున్నర కిలోలు దాటింది.

ఇప్పుడు అర కిలో బ్యాగ్‌కీ, 900 గ్రాముల బ్యాగ్‌కీ తేడా ఎంత? 400 గ్రాములు. మొత్తం బరువులో ఏడెనిమిది శాతం. దారిలో అర లీటర్ నీళ్ళు తాగగానే ఆ తేడా కడుపులోకి వెళ్ళిపోతుంది. ఆ 400 గ్రాముల్లో కంపెనీ ఏం తీసేసిందో చూడండి. చాలాసార్లు తీసేసేది నడుం బెల్టు, వీపు దగ్గర గట్టి షీటు, భుజం పట్టీల్లో ఫోమ్. అంటే బరువు మోయడానికి పనికొచ్చే భాగాలే. నాలుగు కిలోల లోపు అయితే భుజాలు ఎలాగోలా మోసేస్తాయి. అయిదు దాటి, నాలుగు గంటలు నడిస్తే మెడ కింద పట్టేస్తుంది. ఈ లెక్కతోనే నేను 600 నుంచి 900 గ్రాముల మధ్య, 20 నుంచి 24 లీటర్ల బ్యాగ్ చూడమంటాను. అందులో నడుం బెల్టు నిజమైన బెల్టు అయి ఉండాలి. ఒకటిన్నర ఇంచుల నాడా వేలాడదీసి దాన్నే హిప్ బెల్ట్ అనే బ్రాండ్లు ఉన్నాయి. అది బ్యాగ్ ఊగకుండా ఆపుతుంది, బరువు మాత్రం మోయదు.

లీటర్ల విషయంలో ఇంకో చిన్న సంగతి. కొన్ని కంపెనీలు బయటి జాలీ పాకెట్లు కూడా కలిపి కొలుస్తాయి, కొన్ని కలపవు. ఫోన్ బాక్స్ మీద వర్చువల్ ర్యామ్ కలిపి రాసినట్టే ఇదీ. ఇద్దరి 22 లీటర్లూ ఒకటి కావు.

డీనియర్ అంటే ఏంటి

70డి, 210డి, 420డి అని రాసి ఉంటుంది కదా, ఆ డి అంటే డీనియర్. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. కాబట్టి అంకె దారం లావు చెబుతుంది, బట్ట నాణ్యత మొత్తం చెప్పదు. అదే డీనియర్‌లో నైలాన్ సాధారణంగా పాలియెస్టర్ కన్నా ఎక్కువ గట్టిగా ఉంటుంది. పాలియెస్టర్ ఎండకి కాస్త బాగా తట్టుకుంటుంది. రిప్‌స్టాప్ అంటే మధ్యమధ్యలో లావు దారంతో గళ్ళు నేసి, చిరుగు పెద్దది కాకుండా ఆపడం.

అమెరికా, యూరప్ రివ్యూల్లో 70డి చాలు అంటారు. వాళ్ళ దారులు చక్కగా ఉంటాయి. మన దగ్గర తుమ్మ ముల్లు, రేగు ముల్లు, లాంటానా పొదలు, పైగా గరుకు రాయి. కూర్చోగానే బ్యాగ్‌ని బండ మీద పడేస్తాం. అందుకే అడుగు భాగం కనీసం 210డి ఉండాలి, పైన 100డి ఉన్నా సర్దుకోవచ్చు. డైనీమా కాంపోజిట్ లాంటి ఖరీదైన బట్టలకి ఈ పనికోసం డబ్బు పెట్టడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

నీళ్ళ విషయం. మనకి ఐపీ68 అలవాటై, బ్యాగ్ మీద "వాటర్ రెసిస్టెంట్" చూడగానే నమ్మేస్తాం. మామూలు డేప్యాక్‌కి ఐపీ రేటింగ్ ఉండదు. బట్ట నీటిని ఆపినా కుట్లలోంచి, జిప్పులోంచి లోపలికి వస్తుంది. రెయిన్ కవర్ వేసినా వీపు వైపు నుంచి కారుతుంది. పవర్ బ్యాంక్, ఛార్జర్, కెమెరా ఉంటే వాటిని జిప్‌లాక్ కవర్లో వేయడమే అన్నిటికన్నా చవకైన వాటర్‌ప్రూఫింగ్. ఇంకోటి, లోపలి పీయూ కోటింగ్ ఉక్కకి కాలక్రమేణా జిగురుగా మారి పొరలుగా ఊడుతుంది. మీ పాత కాలేజీ బ్యాగ్ లోపల చెయ్యి పెడితే అంటుకుంటుందే, అదే. తడి బ్యాగ్‌ని మడిచి అల్మారాలో పెట్టకుండా ఆరబెడితే చాలాకాలం వస్తుంది.

వీపు వైపు జాలీ కావాలా, ఫోమ్ చాలా?

రెండు రకాలు. వంచిన ఫ్రేమ్‌కి జాలీ బిగించి, వీపుకీ బ్యాగ్‌కీ మధ్య గాలి ఆడే ఖాళీ వదిలేది ఒకటి. కాలవల్లా గీతలున్న ఫోమ్ వీపుకి ఆనుకునేది రెండోది. ఆస్ప్రే వాళ్ళ స్ట్రాటోస్ 24 మొదటి రకం, దాదాపు 1.3 కిలోలు. అదే కంపెనీ టాలన్ 22 రెండో రకం, దాదాపు 900 గ్రాములు. ఒకే బ్రాండ్, దగ్గర దగ్గర సైజు, 400 గ్రాముల తేడా ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది.

మన ఎండకి జాలీయే కదా కరెక్ట్ అంటారు. నడక వరకే అయితే నిజమే, చెమట బాగా తగ్గుతుంది. కానీ అందులో బరువు వీపుకి దూరంగా జరుగుతుంది, బండలు ఎక్కేటప్పుడు వెనక్కి లాగినట్టు ఉంటుంది. వంపు లోపలికి వస్తుంది కాబట్టి గట్టి వస్తువులు సరిగ్గా కూర్చోవు. పైగా మనం అక్కడికి వెళ్ళేది బైక్ మీద. ఔటర్ మీద టూవీలర్లకి ఎంట్రీ లేదు, సర్వీస్ రోడ్డు పట్టుకుని, తర్వాత మెదక్ హైవే మీద గాలికి ఎదురుగా వెళ్ళాలి. వీపు మీద ముందుకొచ్చిన బ్యాగ్ గాలికి ఊగుతుంది. పొడవు బ్యాగ్ అయితే పైభాగం హెల్మెట్‌కి తగులుతుంది, కింది భాగం సీటు మీద ఆని భుజం పట్టీలు పైకి తన్నుకొస్తాయి. ఇవన్నీ ఏ ఫారిన్ రివ్యూలోనూ ఉండవు. బైక్ వాడేవాళ్ళకి నా ఓటు ఫోమ్ రకానికే. కారులో వెళ్ళి, ఎక్కువ సేపు నడిచేవాళ్ళు జాలీ తీసుకోండి.

బయటి జాలీ పాకెట్ గురించి కూడా చెప్పాలి. నర్సాపూర్ దారిలో, అనంతగిరిలో కోతులు ఉంటాయి. చిప్స్ ప్యాకెట్ బయటికి కనిపించేలా ఉంటే బ్యాగ్ మీది కాదు, వాటిదే. తిండి లోపల, జిప్పు వేసి.

అమెరికన్ యాంట్లర్ ప్యాక్‌లు మనకెందుకు వద్దు

డేప్యాక్ అని యూట్యూబ్‌లో వెతికితే కొన్నాళ్ళకి అల్గారిథమ్ "షెడ్ హంటింగ్ ప్యాక్" వీడియోలు చూపించడం మొదలుపెడుతుంది. దుప్పుల జాతి మగ జంతువులకి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ పెరుగుతాయి. అమెరికాలో వాటిని ఏరడం పెద్ద హాబీ. ఎల్క్ కొమ్ములు జత కలిపి 18 కిలోల దాకా తూగుతాయి. వ్యోమింగ్‌లో చాలా ప్రభుత్వ భూముల్లో చలికాలమంతా ఏరనివ్వరు, మే 1న మొదలుపెట్టనిస్తారు. ఆకలితో ఉన్న జంతువుల్ని జనం తరమకుండా ఆ గడువు. అంత బరువు మోయాలి కాబట్టి వాళ్ళ ప్యాక్‌లకి మెటల్ లేదా కార్బన్ ఫ్రేమ్, ఫ్రేమ్‌కీ బ్యాగ్‌కీ మధ్య సామాను ఇరికించే షెల్ఫ్, నాలుగైదు కంప్రెషన్ పట్టీలు ఉంటాయి. మిస్టరీ రాంచ్ లాంటి బ్రాండ్ల పేరు అక్కడ మోగేది అందుకే. డిజైన్ అద్భుతం. మనకి మాత్రం అది వాడని బరువు.

వాడని బరువు ఒక్కటే కాదు, ఆ వీడియో చూసి ఇక్కడ అదే పని చేస్తే కేసు అవుతుంది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. మెదక్ దాటాక వచ్చే పోచారం అభయారణ్యంలో, మన చిలుకూరు మృగవనిలో చుక్కల దుప్పులూ సాంబార్లూ రెండూ ఉన్నాయి. "చంపలేదు, రాలిందే తీసుకున్నా" అనే మాట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు నిలబడదు. ఆ చట్టం ప్రకారం కొమ్ము కూడా ట్రోఫీ కిందికి వస్తుంది. సెక్షన్ 39 ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, సంబంధిత అధికారికో తెలియజేయాలి. ఇంట్లో దాచుకోవడం, అమ్మడం, ఎవరికైనా బహుమతిగా ఇవ్వడం కుదరదు. 2022 సవరణ తర్వాత మామూలు ఉల్లంఘనకి కూడా మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అభయారణ్యం లోపల శిక్ష ఇంకా గట్టిది. తాతల కాలం నుంచి గోడకి ఉన్న కొమ్ములకి కూడా యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి.

అన్నట్టు కృష్ణజింక కొమ్ములు రాలవు. అవి ఆవు కొమ్ముల్లాంటివి, జీవితాంతం ఉంటాయి. కాబట్టి కృష్ణజింక కొమ్ము దొరికిందని ఎవరైనా చెబితే, అది రాలింది అయ్యే అవకాశమే లేదు.

ఇంత కఠినం ఎందుకంటే, రాలిన కొమ్ముల వ్యాపారం తెరిచి ఉంటే వేటాడి కోసిన కొమ్ముల్ని కూడా అందులోనే కలిపి అమ్మేయొచ్చు. ఇంకో కారణం అడవిదే. నేల మీద పడిన కొమ్ము వృథా కాదు. ముళ్ళపందులు, ఎలుకలు దాన్ని కొరికి కాల్షియం, ఫాస్ఫరస్ తీసుకుంటాయి. దొరికిన కొమ్ముని తిప్పి చూస్తే పళ్ళ గాట్లు కనిపించొచ్చు. మీకు దారిలో కనిపిస్తే ఫొటో తీయండి, అక్కడే వదిలేయండి, గేటు దగ్గర అటవీ సిబ్బందికి చెప్పండి. పోస్ట్ చేసేముందు ఫొటోలో లొకేషన్ ట్యాగ్ తీసేయండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా దిగడం కూడా నేరమే కాబట్టి, తెరిచి ఉన్న దారుల్లోనే నడవండి.

ఫోన్ ఎక్కడ పెట్టాలి

భుజం పట్టీ మీద ఉండే సాగే పాకెట్‌ని రివ్యూల్లో తెగ పొగుడుతారు. కేస్‌తో కలిపి 6.7 ఇంచుల ఫోన్ చాలావాటిలో పట్టదు, కొనేముందు పెట్టి చూడాల్సిందే. పట్టినా మధ్యాహ్నం నేరుగా ఎండ తగులుతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిలే చెబుతుంది. మన ఏప్రిల్ దాన్ని పట్టించుకోదు. వేడెక్కిన ఫోన్ స్క్రీన్ డిమ్ చేసుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. నేను నడుం బెల్టు పాకెట్‌లో, బెల్టుకి పాకెట్ లేకపోతే లోపలి పై అరలో పెడతాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే జీపీఎస్ పనిచేస్తుంది. సిగ్నల్ కోసం ఫోన్ వెతుక్కుంటూ బ్యాటరీ తినేయడం తప్పుతుంది. ఇలా చేస్తే ఇరవై వేల ఎంఏహెచ్ ఇటుక మోయక్కర్లేదు.

నీళ్ళ బ్లాడర్ నాకు నచ్చదు. వీపు వేడికి నీళ్ళు గోరువెచ్చగా అవుతాయి, కడగడం నరకం, కారితే పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్స్ పోతాయి. పక్క పాకెట్లలో రెండు లీటర్ బాటిళ్ళు, లోపల వీపుకి దగ్గరగా మూడోది. పాకెట్ లోతు సరిపోతుందా, నడుస్తూ చెయ్యి వెనక్కి పెడితే బాటిల్ అందుతుందా అని షాపులోనే చూడండి.

కొన్న రోజే చేయాల్సిన టెస్ట్

రిటర్న్ గడువు ఉండగానే, ట్యాగులు తీయకుండా ఇంట్లోనే పరీక్షించండి. తల ముందుకి వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, నడుం మీద చేతులు పెడితే బొటనవేళ్ళు కలిసే చోటు వరకు టేపుతో కొలవండి. అది మీ టార్సో పొడవు. బ్యాగ్ సైజు చార్టుని దానితో పోల్చాలి, మీ ఎత్తుతో కాదు. తర్వాత బాటిళ్ళు నింపి, లగేజ్ స్కేల్‌కి తగిలించి అయిదు కిలోలు వచ్చేలా సర్దండి. ముందు నడుం బెల్టు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగండి. అపార్ట్‌మెంట్ మెట్లు ఇరవై నిమిషాలు ఎక్కి దిగండి, హెల్మెట్ పెట్టుకుని బైక్ మీద రెండు నిమిషాలు కూర్చోండి. భుజం మీద ఎర్రటి గీత పడినా, బ్యాగ్ పైభాగం హెల్మెట్‌ని నెట్టినా అదే రోజు రిటర్న్ పెట్టేయండి. స్టార్ రేటింగ్ 4.6 ఉన్నా సరే.