స్పెయిన్ ప్లాను... శక్కర్‌నగర్ రూటు!

ముగ్గురు స్నేహితులు, ఒక కారు, కిటికీ అవతల స్పెయిన్!

2011లో జోయా అక్తర్ తీసిన ‘జిందగీ నా మిలేగీ దోబారా’ చూసి హాల్లోంచి బయటికొస్తూ మా బావ ఒక శపథం చేశాడు. ‘‘నా పెండ్లికి ముందుగాల గా దేశం పోవాలె!’’ పెళ్ళయింది. ఇద్దరు పిల్లలయ్యారు. జుట్టు పలచబడింది. శపథం మాత్రం చెక్కుచెదరలేదు!

ఈమధ్య ఓ ఆదివారం హైదరాబాదు నుంచి నిజామాబాదులోని మా ఇంటికి వూడిపడ్డాడు బావ. చాయ్ తాగీ తాగకముందే లాప్‌టాప్ తెరిచాడు. తెరమీద స్పెయిన్ పటం. దానిమీద ఎర్ర గీత.

‘‘సినిమాల వాళ్ళు సముద్రంల దుంకిండ్రు, ఇమానంలకెళ్ళి దుంకిండ్రు, టమాటలతోని కొట్టుకున్నరు, ఎడ్ల ముంగట ఉరికిండ్రు. గవన్ని మనతోని కావు. మనకు నడుం నొప్పి. మనం వైన్ రుచి సూసుకుంట తిరుగుదాం’’ అన్నాడు.

ఆలోచన చెడ్డదేమీ కాదు. సినిమా చివర్లో ఎద్దుల పరుగు జరిగే పాంప్లోనా వుంది చూశారూ... అక్కణ్ణించి కారులో ఓ గంట ప్రయాణం చేస్తే లొగ్రోన్యో వస్తుంది. రియోహా అనే ద్రాక్షసీమకి అది ముఖ్యపట్టణం. మధ్యలో ఎబ్రో నది, రెండువైపులా తోటలు. అక్కణ్ణించి నలభై చిల్లర కిలోమీటర్లలో హారో అనే చిన్న వూరు. ఆ వూళ్ళో రైల్వే స్టేషను చుట్టూ వైన్ తయారుచేసే పాత ఇళ్ళున్నాయి. వాటిని ‘బొదేగా’లంటారు. 1877లో పెట్టిన లోపెజ్ దె ఎరేదియా, 1879 నాటి క్యూనే... ఒకదాన్నించి ఇంకోదానికి నడిచి పోవచ్చు. ఏటా జూన్ 29న ఆ వూరివాళ్ళు కొండమీదికి పోయి ఒకళ్ళమీద ఒకళ్ళు వైన్ పోసుకుంటారు. మన హోలీ లాగన్నమాట, కాకపోతే ఒకటే రంగు!

బావ ప్లాను వేసిన తీరు చూస్తే ముచ్చటేసింది. రోజుకి మూడు బొదేగాలకి మించకూడదు. ముందే కబురుచేసి టైము తీసుకోవాలి. గ్లాసు అడుగున కొంచెమే పోస్తారు. వాసన చూసి, పుక్కిలించి, పక్కనున్న పాత్రలో వుమ్మెయ్యాలి. మింగితే మూడో బొదేగా దగ్గర నాలుక పనిచెయ్యదు. స్టీరింగ్ పట్టేవాడు అసలు మింగకూడదు.

‘‘ఉమ్మేసేదానికి గంత దూరం పోవుడెందుకురా?’’ అని మూలనుంచి ఓ గొంతు. మా చిన్నాయన!

ఆయన సంగతి తర్వాత చెబుతాను.

అసలు వైన్ కోసం కారేసుకుని తిరగడమనే పిచ్చిని సినిమాలో అందరికన్నా బాగా చూపించింది 2004లో అలెగ్జాండర్ పేన్ తీసిన ‘సైడ్‌వేస్’. అందులోనూ పెళ్ళికి ముందు ఇద్దరు మిత్రుల ప్రయాణమే. కాలిఫోర్నియాలోని సాంతా యినెజ్ లోయ. హీరోకి ‘మెర్లో’ అనే రకం ద్రాక్ష వైనంటే పడదు, ‘పినో న్వార్’ అంటే ప్రాణం. ఆ సినిమా ఆడాక అమెరికాలో మెర్లో అమ్మకాలు మందగించి, పినో న్వార్‌కి గిరాకీ పెరిగిందంటే ఒక పాత్ర నోటిమాటకి ఎంత బలముందో చూడండి. దానికి ఆస్కార్ కూడా వచ్చింది, స్క్రీన్‌ప్లేకి.

సరే, రాత్రి పదింటికి బావ లెక్క తేల్చాడు. ఇద్దరికీ విమానం టికెట్లు, వీసా, కారు అద్దె, హోటళ్ళు... మొత్తం కూడి కాసేపు తెరవంకే చూశాడు. ఆ తర్వాత లాప్‌టాప్ మూసేశాడు.

అప్పుడన్నాడు చిన్నాయన. ‘‘ఒక్క చెట్టే... పొద్దుగాల ఒక తీరు, పగటీలి ఒక తీరు, మాపటీలి ఒక తీరు. గా ముచ్చట మీ స్పెయినోళ్ళకు తెలుసునా?’’

*

తెలియదు! అక్కడ ద్రాక్షరసం వైన్ కావడానికి రోజులు, పీపాల్లోనూ సీసాల్లోనూ పండడానికి ఏళ్ళు. ‘క్రియాంసా’ అంటే కనీసం రెండేళ్ళు, ‘రెసెర్వా’ అంటే మూడు, ‘గ్రాన్ రెసెర్వా’ అంటే అయిదు. మన కల్లు అంత ఓపిక పట్టదు. గీసిన చోటునుంచి చుక్క లొట్టిలో పడగానే గాలిలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. తెల్లవారగట్ల తియ్యన, ఎండెక్కే వేళకి పులుపు, సాయంత్రానికి ఘాటు. రియోహా వైన్‌లో ఆల్కహాలు 13, 14 శాతం వుంటే కల్లులో నాలుగయిదు. మర్నాటికి నిలవుండదు. ఎగుమతి కాదు. తాగాలంటే చెట్టు కిందికే పోవాలి. రోడ్డు ప్రయాణానికి ఇంతకన్నా సాకు ఏం కావాలి?

పైగా రకాలెన్ని! చలికాలమంతా ఈతకల్లు. సంక్రాంతి దాటాక పోద్దాడు, అంటే మగతాడి. ఎండలు ముదిరాక పండుతాడు. ఈ లెక్కన ఈత, తాడి రెండూ దొరికే కాలం సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య. బావ వెంటనే సెల్‌ఫోన్లో క్యాలెండరు తీశాడు.

రూటు నేను వేశాను. తెల్లారి అయిదున్నరకి నిజామాబాదులో బయల్దేరి, మొదటి మజిలీ అలీసాగర్ వైపు. ఎడపల్లి మీదుగా బోధన్. అక్కణ్ణించి చెరకు, వరి పరిశోధనా కేంద్రం వున్న రుద్రూరు. ఆ పైన వర్ని, బాన్సువాడ. బాన్సువాడ అనగానే మీకు ‘ఫిదా’లో భానుమతి గుర్తొచ్చి వుంటుంది! 2017లో శేఖర్ కమ్ముల ఆ సినిమా తీశాక, మంజీరా నీళ్ళు పారే ఈ పొలాలు ఎంత పచ్చగా వుంటాయో రాష్ట్రమంతా చూసింది. ఆ పచ్చదనానికి మూలం 1931లో పూర్తయిన నిజాంసాగర్. నీళ్ళొచ్చాయి కాబట్టి చెరకొచ్చింది, చెరకొచ్చింది కాబట్టి 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌తో అక్కడే స్పిరిట్ తీశారు. మాట వరసకి మన బొదేగా అదేనన్నమాట!

‘ఫిదా’ నిర్మాత దిల్ రాజుది ఈ జిల్లాలోని నర్సింగ్‌పల్లే. 2025 జనవరిలో ‘సంక్రాంతికి వస్తున్నాం’ ట్రైలర్ వేడుక నిజామాబాదులో పెట్టినప్పుడు, ఇక్కడివాళ్ళకి సినిమాకన్నా కల్లు, మటన్ అంటేనే హుషారన్న అర్థంలో ఆయన నోరు జారారు. గొడవైంది. క్షమాపణ చెప్పారు. ఆ సభలో నేను లేను గానీ, నాకూ ముందు కోపమే వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. హారో వూరివాణ్ణి పట్టుకుని ‘మీకు వైనంటే హుషారు కదా’ అంటే వాడు కుర్చీ వేసి కూర్చోబెడతాడు! మనకి అది తిట్టులా ఎందుకు తగిలింది?

దానికి జవాబు మా చిన్నాయన దగ్గరుంది.

*

చిన్నాయన చెట్టు కల్లు తాగి పెరిగిన మనిషి. పొలం దగ్గర, తాటాకు రేకలో. తర్వాత టౌనుకొచ్చాడు. టౌనులో చెట్టేది? డిపో వుంది, సీసా వుంది. ఆ సీసాలో వున్నదానికి చెట్టుతో చుట్టరికం ఏపాటిదో ఎవరూ అడగలేదు. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్‌ప్రజోలమ్... డాక్టరు చీటీమీద వుండాల్సిన ఈ పేర్లు మా జిల్లాలో కల్లు కేసుల్లో వినబడతాయి. మత్తుకోసం, నిద్రకోసం కలిపే మందులవి. అలవాటైతే మానడం చేతకాదు. హఠాత్తుగా ఆపితే ఇంకా ప్రమాదం.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుమీద విరుచుకుపడింది. సీసాలు ఆగిపోయాయి. మూడో రోజు రాత్రి చిన్నాయన గోడవంక చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ తర్వాత మూర్ఛ వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడ ఆయన ఒక్కడే కాదు... వరసగా మంచాలు, వరసగా అదే వణుకు. ఆ రోజుల్లో ఈ జిల్లాలోనూ, పాలమూరు వైపూ ప్రాణాలు పోయిన ఇళ్ళున్నాయి. మాది బయటపడింది. అంతే.

ఆ తర్వాతైనా ఆగిందా అంటే, 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అదే ఏడు జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో మరణాలే సంభవించాయి. బాన్సువాడ పక్కనే నస్రుల్లాబాద్. మా ఎర్ర గీత సరిగ్గా ఆ దారినే పోతోంది!

ఆ రాత్రి బావ మళ్ళీ లాప్‌టాప్ తెరిచి ఒక రియోహా సీసా ఫొటో చూపించాడు. వెనకవైపు చిన్న చీటీ. దానిమీద నంబరు. ఆ సీమ నియంత్రణ మండలి ఇచ్చేది. ఆ చీటీ లేని సీసా రియోహా పేరు పెట్టుకోకూడదు. ‘‘మన సీసకు గిసొంటి చిట్టి ఉన్నదా మామా?’’ అన్నాడు.

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. ‘‘సీసకు లేదు బిడ్డా. చెట్టుకున్నది’’ అన్నాడు.

నిజమే. గీత కార్మికుల సొసైటీకో, చెట్టు లైసెన్సున్న గౌడన్నకో చెట్లు కేటాయించి, వాటిమీద నంబరు వేస్తారు. ఫలానా గట్టుమీది ఫలానా చెట్టు ఫలానా గౌడన్నదని వూరంతా చెబుతుంది. ఆయన మోకు నడుముకి కట్టి, గీతకత్తి వెనక దోపి, రోజూ పొద్దునా సాయంత్రం అదే చెట్టెక్కి దిగుతాడు. పట్టు తప్పితే ప్రాణమే పోతుంది. వాళ్ళకోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ అనే కిట్లు 2024 జులైలో వచ్చాయి, అంతకుముందు ఎంతమంది నడుములు విరిగాయో కాటమయ్యకే తెలియాలి. అంత కష్టపడి దింపిన లొట్టి పక్కన, పొడి కలిపిన సీసా చౌకగా అమ్ముడుపోతుంటే ఆయన ఎవరితో మొరపెట్టుకోవాలి?

దాంతో మా ప్లాను మారింది. వూళ్ళ పేర్లు కొట్టేసి చెట్ల పేర్లు రాసుకున్నాం. సీసా వున్న చోట కారు ఆగదు. గౌడన్న మా కళ్ళముందు చెట్టు దిగితేనే రేక పడతాం. మూడు మజిలీలు, మజిలీకి రెండు గుక్కలు. లొగ్రోన్యోలో లౌరెల్ వీధి బార్లలో రొట్టెముక్కమీద పుట్టగొడుగులు పెట్టి ఇస్తారట. మాకు మక్క గుడాలు, పల్లీలు చాలు. 21 నిండని మా తమ్ముడు వస్తానంటున్నాడు. వాడికి తెల్లవారుజామున సున్నం రాసిన లొట్టిలో పట్టిన నీరా, పులవకముందే. (2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డుమీద నీరా కేఫ్ పెట్టింది ఇలాంటి వాళ్ళకోసమే కాబోలు!)

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. కారెవరు నడపాలి? మన చట్టం ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే కేసు. స్పెయిన్‌లో యాభై. రెండు గుక్కలే కదా అని నేనూ, ఆ రోజుకి మానేస్తాలే అని బావా వాదించుకుంటున్నాం.

‘‘ఎందుకురా లొల్లి? నేను నడుపుత’’ అన్నాడు చిన్నాయన.

ఇద్దరం నోరు మూశాం. 2015 తర్వాత ఆయన చుక్క ముట్టలేదు. ఏ గట్టుమీద ఏ చెట్టుందో ఆయనకి తెలిసినంత మాకు తెలియదు. శక్కర్‌నగర్‌కి ట్రాక్టరుమీద చెరకు తోలిన రోజుల్నుంచీ ఆ రోడ్డు ఆయనదే.

‘‘గని ఒక షరతు’’ అన్నాడు. ‘‘శక్కర్‌నగర్ గేటు కాడ పది నిమిషాలు ఆపుత. ఎందుకని అడుగొద్దు.’’

ఆ ఫ్యాక్టరీలో లేఆఫ్ నోటీసు పడింది కూడా 2015లోనే, డిసెంబరులో. మేం అడగలేదు. బావ ప్లానులో ఎడపల్లికీ రుద్రూరుకీ మధ్య ఒక గీత గీసి, ‘‘పది నిమిషాలు’’ అని రాసుకున్నాడు.